మందు డబ్బా రాకముందు, వచ్చినంక

మీరు నమ్మరుగానీ బిడ్డా, మా ఊరికి మొదలు వచ్చిన మందు చేనుకు రాలే, ఇంటికి వచ్చింది. భుజాన పంపులేసుకొని మలేరియా మందు కొట్టేటోళ్లు వచ్చేది. మన అడవి పల్లెల్ల అప్పుడు చలిజ్వరం అంటే మాటలు గాదు. ఇంటికొకరన్న మంచం పట్టేటోళ్లు. 1953ల సర్కారు దేశమంతట మలేరియా మీద పడ్డది. ఆ డీడీటీ నీళ్లు మట్టిగోడకు కొడితే ఆరినంక తెల్లటి చారలు నిలిచేది. పిల్లలం వాళ్ల ఎనక ఉరికేటోళ్లం. దోమలు తగ్గినయి, మంచాలల్ల నల్లులు గూడ తగ్గినయి. మా అమ్మ ఆ గోడకు దండం పెట్టేది. నవ్వకుండ్రి. జ్వరానికి కడుపుల పుట్టినోన్ని పోగొట్టుకున్న మనిషి, పెట్టదా మరి?

ఎందుకు చెప్తున్ననంటే, మీ తాత నన్ను ఎప్పుడూ ఎత్తిపొడుస్తడు, దీనికి మందంటేనే పడదని. పడక గాదు. ఏది ఎక్కడ అక్కరకొచ్చిందో, ఏది మనల్ని నట్టేట ముంచిందో కండ్లార చూసిన. ఆ మొద్దును కొంచెం లోపలికి నెట్టు బిడ్డా, పొగంత ఇటే వస్తున్నది.

అప్పుడు మన టేకులపల్లి చుట్టు ఈ పత్తి లేకుండె. కుంటల కింద వరి, ఎర్రచెలకల్ల జొన్న, కంది, నువ్వులు, పెసర, బొబ్బర్లు, గట్టెంబడి ఆముదం. ఒక్క చేన్లనే నాలుగైదు తీర్ల గింజలు పడేది. పురుగు లేకుండెనా అంటే, ఉండె. మా కాలంల పురుగే లేదు అనేటోళ్ల మాట పట్టించుకోకుండ్రి, వాళ్లు చేనుకు పోనోళ్లన్న అయివుండాలె, మరిచిపోయినోళ్లన్న అయివుండాలె. కంది పూతకొచ్చిందంటే కాయ తొలిచే పచ్చపురుగు దిగేది. పొద్దున మంచు ఆరకముందే ఆడోళ్లం పాతచీరెలు, గోనెపట్టలు పట్టుకొని పోయేటోళ్లం. సాలు మధ్యల ఇద్దరు చీరె పరిచి పట్టుకుంటే, ఒకరు కంది చెట్టును రెండు చేతుల పట్టి మెల్లగ దులిపేది. గట్టిగ ఊపితే పూత రాలుతది, ఊరికె ఊపితే పురుగు రాలది. ఆ ఊపు తనకొక్కదానికే తెలుసనుకునేది మా అత్త. చీరెల పడ్డ పురుగును తట్టల పోసి ఇంటికి తెస్తే కోళ్లు దొరకబట్టుకొని మింగేటియి. బొబ్బర్లకు పేనుబంక పడితే పొద్దుగాల ఆకు తడిమీద పొయ్యిల బూడిద చల్లేది. తొలివానలు పడ్డ రాత్రుల్ల గట్లమీద మంటలు పెట్టేది, రెక్కల పురుగులు వచ్చి పడి కాలేటియి. కందులు దాచాలంటే ఎర్రమట్టి పట్టించి ఎండబోసేది, లేకుంటే నెలకే పుచ్చు.

అయితే ఇవన్ని చేసినా కొన్నేండ్లు సగం పంట పురుగే తినేది. అట్లాంటి యేడు ఇప్పపువ్వు ఉడకబెట్టుకొని తిన్నం. అది గూడ చెప్పాలె గద. మంచిగ లేని సంగతులు దాచి ఆ కాలం మంచిదంటే ఎట్ల?

తర్వాత పత్తొచ్చింది. కృష్ణ దిక్కు నుంచి, గుంటూరు దిక్కు నుంచి రైతులు వచ్చి మన దగ్గర భూములు కౌలుకు పట్టిండ్రు. కొందరు కొనుక్కున్నరు. కష్టజీవులు, వాళ్లను తప్పు పట్టేది లేదు. పత్తి, మిరప పెట్టుడు మనోళ్లు వాళ్ల దగ్గర్నే నేర్చిండ్రు. పత్తితోని మందు, మందుతోని ఖాతా. ఎనభైల మొదట్ల పైరిత్రాయిడ్లు అని కొత్త మందులొచ్చినయి. పొద్దున కొడితే మధ్యాహ్నానికి పురుగు కాళ్లు ముడుచుకొని కింద పడేది. మీ తాత ఆ పురుగుల్ని పోగుచేసి చూపించుకుంట తిరిగిండు. అప్పుడు కంది దులుపుడు ఎవరికి గుర్తుంటది? చేనును రోజూ చూసే పనే లేదాయె. పదిహేను రోజులకోపాలి కొట్టు, ఇంట్ల పండు.

మందు కలుపుడు ఎవరిదనుకున్నరు? ఆడోళ్లదే. కొట్టేది మగోడు, వాగు నుంచి బిందెలతోని నీళ్లు మోసేది, డ్రమ్ముల పోసి కట్టెతోని కలిపేది మేము. కట్టె దొరకకుంటే చేత్తోనే. మూత విప్పితే ముక్కుపుటాలు మండేది. మోనోక్రోటోఫాస్, మేము మోనో అనేటోళ్లం, ఆ డబ్బా వాసన రెండు దినాలు చేతుల్ని ఇడిచేది గాదు, సబ్బు రుద్దినా, కుంకుడుకాయ రుద్దినా. ఆ చేతులతోనే అన్నం కలిపినం. గాలి ఎదురొచ్చినప్పుడు కొడితే మనిషికి కండ్లు మసకేసి, నోట నురుగు. మజ్జిగ తాగించి, చింతపండు పులుసు తాగించి, బండి కట్టుకొని కొత్తగూడెం ఉరికేటోళ్లం. ఆస్పత్రిల అట్రోపిన్ సూదులు వేసేది, గండం గడిస్తే బతికేటోళ్లు. ఖాళీ డబ్బా కడిగి అండ్లనే కిరసనాయిలు తెచ్చుకునేది. నూనె తెచ్చుకున్నోళ్లు గూడ ఉన్నరు.

మొదట్ల నాలుగు సార్లు కొడితే చాలు. తర్వాత ఎనిమిది. తర్వాత వారానికోటి. ఒక్క మందు పనిచేయక రెండు కలిపిండ్రు, రెండు పనిచేయక మూడు. ఎందుకట్ల అయిందో నాకు చానా యేండ్లకు అర్థమైంది. నూటికి తొంభైతొమ్మిది చచ్చినా, చావని ఒక్కటి ఉంటది చూడు, దాని పిల్లలకు ఆ మందు పారది. ప్రతిసారి మనం జల్లెడ పట్టినట్టు మెత్తదాన్ని తీసేసి గట్టిదాన్ని మిగిలించినం. దాని మీద ఇంకోటి. చేన్ల మనకు తెల్వకుండ పురుగును తినే పురుగులుండేటియి. అక్షింతల పురుగు, సాలీడు, గొల్లభామ, కందిరీగ. అవి మందుకు ముందుగాల పోయినయి. పంటను తినేది మళ్ల పుట్టుకొచ్చింది, దాన్ని తినేది రాలే. గుంటూరు, ప్రకాశం దిక్కు 1987ల తెల్లదోమ, పచ్చపురుగు కలిసి పత్తిని నాకినయి, అప్పుడే రైతులు మందు తాగిన వార్తలు విన్నం. పదేండ్లకు, 1997ల లద్దెపురుగు వరంగల్ దిక్కు పడ్డది. ఆ చలికాలమంత చావు కబుర్లే. పురుగు చావని మందుతోని మనుషులు చచ్చిండ్రు. ఆ ముచ్చట ఇంతకన్న చెప్పను, మనింటి చుట్టాల్లనే ఒకరున్నరు.

ఖాతా గురించి కొంచెం చెప్పాలె. దుకాణంల మందు ఉద్దెరకిస్తరు, పంట ఆ సేటుకే వేయాలె. ధర ఆయన చెప్పిందే, కాంటా ఆయనదే. ఏ పురుగు పడ్డదని అడిగితే సేటే డాక్టరు. చేను ఆయన ఎన్నడూ చూసింది లేదు, చీటి మాత్రం రాసేది. మిగిలితే తిరిగి అప్పుకు వడ్డీకే. మెడల పుస్తెలు గూడ కుదువకు పోయినయి. ఏ దుకాణమని అడగకుండ్రి, అన్నిటిదీ ఒక్కటే తీరు.

గప్పుడే పునుకుల ముచ్చట తెలిసింది. పాల్వంచ దగ్గరిది, మనకు దూరమేం గాదు. మా చిన్నాయన బిడ్డను అటు దిక్కు ఇచ్చిండ్రు. పెండ్లికని పోతే, పత్తి చేన్ల మందు వాసన లేదు. నేను ముందు పంటే పోయిందనుకున్న. 1999 ప్రాంతంల సెక్యూర్ అనే సంస్థోళ్లు వచ్చి, హైదరాబాదుల సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ వాళ్ల సాయంతోని, కొద్దిమంది రైతులను ఒప్పించిండ్రట, మందు లేకుండ పండించి చూడుండ్రని. మొదట్ల ఊరు నవ్వింది. అప్పుల బాధ తెలిసిన ఆడోళ్లు సంఘాలల్ల కూసొని, ఇంట్ల మగోళ్లను పోరు పెట్టిండ్రు. 2003, 2004 నాటికి ఊరంత మందు మానేసింది. 2004ల పంచాయతీ తీర్మానం గూడ చేసింది, మాది పురుగుమందు లేని ఊరు, అమ్మేటోళ్లు రావద్దని. దేశంల నుంచి ఎంతోమంది వచ్చి చూసిపోయిండ్రు. తర్వాత సర్కారు పేదరిక నిర్మూలన సంస్థ దాన్నే పట్టుకొని మహిళా సంఘాలతోని జిల్లా జిల్లాకు తీసుకపోయింది.

అక్కడ నేను చూసిన ఒక సంగతి ఇప్పటికీ కండ్లల్ల ఉన్నది. మా చెల్లె నన్ను చేన్లకు తీసుకపోయి, ఒక మొక్క కొసకు చూపించింది. పచ్చపురుగు తలకిందులుగ వేలాడుతున్నది, నల్లబడి, మెత్తగ. ముట్టబోతే చెయ్యి పట్టుకున్నది, “అక్కా, అది మన సొమ్ము” అన్నది. పురుగుకొచ్చే రోగమట అది. రోగమొస్తే పురుగు మొక్క కొసదాక ఎక్కి, కాళ్లతోని పట్టుకొని తల కిందికేసి చస్తది. లోపలంత నీళ్లయితది. తోలు పగిలి ఆ నీళ్లు కింది ఆకుల మీద పడితే, ఆ ఆకు తిన్న పురుగులకు గూడ అదే రోగం. అట్ల చచ్చినవాటిని ఏరి, నూరి, గుడ్డల వడగట్టి, బెల్లం, బట్టలకు వేసే నీలిమందు కలిపి కొడతరు. పొద్దుగూకినంకనే కొట్టాలె, ఎండ తగిలితే ఆ రోగం పనిచేయది, నీలిమందు ఎండ పడకుండ కాస్తది. ఎన్‌పీవీ అంటరు, సీసాలల్ల గూడ అమ్ముతరు. ఇంకో పంటకు, ఇంకో జీవానికి ఏం గాదు, ఒక్క ఆ జాతి పురుగుకే. మోనో చుక్క మనిషికీ పురుగుకూ తేడా చూడది గద. 2013ల బీహార్ల బడి అన్నంల అదే మందు కలిసి 23 మంది పిల్లలు పోయిండ్రు, టీవీల చూడలే?

మిగతావి మీరు అక్కడక్కడ చూసిందే. ఐదు కిలోల వేపగింజల పప్పు దంచి గుడ్డల మూటగట్టి పది లీటర్ల నీళ్లల్ల రాత్రంత నానేసి, పిసికి, సబ్బు నీళ్లు కలిపి వంద లీటర్లు చేస్తే అది కషాయం. పచ్చిమిర్చి వెల్లుల్లిది ఇంకోటి, దాన్ని నూరినోళ్లకే తెలుస్తది, మూడు దినాలు చేతుల మంట, అందుకని నేను దాన్ని ఎవరికి చెప్పను. గట్టెంబడి ఆముదం పెడితే లద్దెపురుగు తల్లి దాని ఆకు మీదనే గుడ్లు పెడతది, బూరుబూరు ముద్దలుగ. ఆ ఆకు తుంచి కాలిస్తే వందల పురుగులు పుట్టకముందే పోతయి. బంతి పెడితే పచ్చపురుగు ఆ పూల మీదికి పోతది. చేన్ల నడుమ కొయ్యలు పాతి అడ్డం కట్టె కడితే పసులపోలిగాడు, పాలపిట్ట వచ్చి వాలతయి. పసుపన్నం ముద్దలు చల్లితే పక్షులు దిగి పురుగు గూడ తింటయి. లింగాకర్షక బుట్టలు కడితే మగ రెక్కల పురుగులు పడతయి, ఎన్ని పడ్డయో లెక్క చూసుకొని ఎప్పుడు ఏం చేయాల్నో తెలుస్తది. ట్రైకోగ్రామా కార్డులని ఉంటయి. గుండుసూది తల కన్న సన్నటి కందిరీగలు అండ్ల పొదుగుతయి. పురుగు గుడ్డులనే గుడ్డు పెడతయి, పురుగు పుట్టనే పుట్టది. ఆ కార్డు కట్టిన నాడు పక్కోడు మందు కొట్టిండా, అంతా పోయినట్టే.

ఇగ మీ తాత మాట గూడ చెప్తా, లేకుంటే పక్షపాతమంటడు. ఆయన అనేది ఇది: “మందు కొడితే ఆ పూటనే కనబడతది, నీ వేపరసం కొడితే పురుగు బతికే ఉంటది.” నిజమే. వేప చంపది. మేత మాన్పుతది, పెరగనియ్యది, గుడ్లు పెట్టనియ్యది. రోగంతోని చచ్చేటిదానికి నాలుగైదు దినాలు పడతది. పూతంత పోతుంటే నాలుగైదు దినాలు ఓర్చుకునుడు ఎంత కష్టమో చేను లేనోళ్లకు తెల్వది. ఇంకోటి, కషాయం వరదొచ్చినంక కట్టలు కట్టేటిది గాదు, ముందే ఉండాలె. పురుగు గుడ్డు మీదున్నప్పుడో, చిన్నగున్నప్పుడో పట్టాలె. అందుకని రోజూ పొద్దున్నే ఆకు తిప్పి చూడాలె. మనిషి కావాలె. సేటు చీటికి మనిషి అక్కర లేదు.

మందు లేని సాగు శిక్షణకు వచ్చిన సారు మాకు నాగజెముడు ముచ్చట చెప్పిండు. మన దక్షిణాదిల ఒకప్పుడు నాగజెముడు భూములకు భూములు మింగిందట. 1795ల ఇంగ్లీషోళ్లు ఎర్రరంగు తీసుకుందామని బయటి దేశం నుంచి ఒక పురుగును తెప్పించిండ్రు. వాళ్లు కోరిన జాతి గాదది, రంగు మంచిగ రాలే. కానీ ఆ పురుగు నాగజెముడును తిని తిని ఎండబెట్టింది. ఇంకో తీరు నాగజెముడు మిగిలితే, 1926ల శ్రీలంక నుంచి ఇంకో జాతిని తెచ్చి వదిలితే అదీ పోయింది. రూపాయి మందు లేదు. అట్లని అన్నిసార్లు అట్ల అయితదా? వయ్యారిభామ మీదికి 1984ల బెంగళూరు దగ్గర మెక్సికో పురుగును వదిలిండ్రు. ఆ కలుపు ఇయ్యాల్టికీ మన డొంకల పూలు పూస్తున్నది, కావాలంటే పోయి చూడుండ్రి.

పునుకుల నుంచి వచ్చినంక మేము ఓ పదిమంది ఆడోళ్లం ఇక్కడ మొదలుపెట్టినం. పెట్టుబడి తగ్గింది, అది నిజం. పంట గూడ పెద్దగ తగ్గలే. కానీ మన ఊరు ఒక్కమాట మీద నిలబడలే. ఇటు చేనుకు కషాయం, అటు చేనుకు మోనో. అటు మందు కొట్టిన నాడు ఇటు మా అక్షింతల పురుగులు గూడ రాలేటియి. పునుకులల ఊరు ఒక్కటై తీర్మానం చేసింది గద, ఆ బలం వేపదా, తీర్మానందా అని నన్నడిగితే తీర్మానందే అంట.

తర్వాత బీటీ పత్తి వచ్చింది, 2002ల సర్కారు ఒప్పుకున్నది. మట్టిల ఉండే ఒక సూక్ష్మజీవి విషాన్ని విత్తనంల పెట్టిండ్రు, అంటే జీవమందునే గింజల కూర్చిండ్రు. పచ్చపురుగుకు కొన్నేండ్లు మంచిగ పనిచేసింది, మందు కొట్టుడు తగ్గింది, ఆ మాట కాదనను. మనోళ్లు దాంతోనే కషాయం మరిచిండ్రు. తర్వాత గులాబీ పురుగు ఆ విషానికి అలవాటు పడ్డది. జీవమందు గూడ ఒక్కదాన్నే పట్టుకొని ఊరంత, ఏడాదంత వాడితే జల్లెడ కథే. ఇటు సర్కారు పాత మందుల్ని ఒక్కోటి ఆపుకుంట వచ్చింది. డీడీటీ చేన్లకు వద్దని 1989ల, బీహెచ్‌సీ 1997ల, ఎండోసల్ఫాన్ 2011ల సుప్రీంకోర్టు చెప్తే. ప్రతిదాన్నీ అమ్మినన్ని దినాలు మంచిదనే అమ్మిండ్రు.

2021ల మిరపకు జరిగింది మీకు యాదికుండాలె. పూతల నల్ల తామరపురుగు. ఒక్క పువ్వు తుంచి అరచేతుల దులిపితే పది, ఇరవై నల్లటి గీతలు ఉరికేటియి. పూత రాలింది, కాయ వంకర్లు పోయింది. ఆగ్నేయాసియా దిక్కు నుంచి వచ్చిన పురుగు, మనకు కొత్తది. ఖమ్మం జిల్లాల ఎకరాలకు ఎకరాలు పీకేసిండ్రు. కొందరు దినం తప్పి దినం మందు కొట్టిండ్రు, అట్ల కొట్టినోళ్ల చేన్లనే ఎక్కువ పెరిగింది, దాన్ని తినేటియి చచ్చినయి గద. మరి నా వేప కాపాడిందా అంటే, లేదు. నీలంరంగు జిగురు అట్టలు కట్టినం, అట్టలు నల్లబడ్డయి, చేను మాత్రం పోయింది. మీ తాతా నేనూ ఒక్కమాట మీదున్న యేడు అదొక్కటే.

ఇప్పుడు గట్టు మీద ఆముదం, బంతి నేనే పెడత. ఆముదం ఆకు మీద గుడ్ల ముద్ద దొరికితే ఆయనే తుంచుకొచ్చి నాకు చూపిస్తడు, ఇయ్యాల మూడు దొరికినయని. మిరపకు మాత్రం నాకు తెల్వకుండ డబ్బా తెస్తడు. గడ్డివాము ఎనక, పాత గంప కింద పెడతడు. మీరు అటు దిక్కు ఆడుకోను పోకుండ్రి. ఆ చిన్నోన్నైతే అస్సలు పోనియ్యకుండ్రి, వాడు ఏది దొరికినా నోట్లె పెడతడు.